తలుపులమ్మ దొడ్లోకొచ్చిన రోడ్డు

రండి బాబుగారూ, ఆ ఎండలో ఎంతసేపని నిలబడతారు, లోపలికి రండి. మా వంటింటి గోడ మీద ఎర్రరంగుతో గీత గీసింది మీ కుర్రాళ్ళేగా? అయ్యో, కంగారు పడకండి, దెబ్బలాటకి పిలవలేదు. గీత చక్కగా వచ్చిందండి. మా కోడలు ముగ్గు వేసినా అంత తిన్నగా రాదు. కూర్చోండి. ఆ మూడుకాళ్ళ మిషను అక్కడే ఉండనివ్వండి, మా బాతులపర్రులో దాన్నెవరూ ఎత్తుకుపోరు. ఎత్తుకుపోయినా దాంతో ఏం చేసుకోవాలో తెలీక సాయంత్రానికి తెచ్చి ఇచ్చేస్తారు. మీ పేరేమన్నారు... దుర్గాసాయి. బావుందండి. నన్ను జగన్నాథరావు అంటారు. ఎనభై దాటాయి, ఇంకా పళ్ళు నావే. లోవలక్ష్మీ, ఇంజినీరుగారు వచ్చారు, ఆకు వెయ్యి. ఆవిడ మా ఇంటావిడండి. ఏంటి, భోంచేసే వచ్చారా? ఎక్కడ, సెంటర్లో హోటల్లోనా? దాన్ని భోజనం అని ఎవరన్నారండీ. అక్కడ సాంబారులో ముక్క కోసం వెతికేవాడు చెరువులో ఉంగరం పడేసుకున్నవాడిలా ఉంటాడు. కాళ్ళు కడుక్కు రండి.

పొద్దున్న మీరు సర్పంచిగారితో అంటుంటే విన్నాను లెండి. ఉన్న రోడ్డునే వెడల్పు చేస్తే ఈ వరసలో వంటిళ్ళన్నీ పోతాయి, కాదంటే ఊరికి అటుపక్క కాలవగట్టు మీంచి కొత్తగా వెయ్యాలి, రెండిట్లో ఏదో ఒకటి ఇవాళ సాయంత్రానికల్లా పైవాళ్ళకి చెప్పాలి అని. అవునా? సరే. దాని గురించి నేనేం అడగను. మా ఇంట్లో ముందునుంచీ ఒక పద్ధతుంది, విస్తట్లో చెయ్యి పెట్టిన మనిషిని ఏదీ అడక్కూడదు. తినేవాడు కాదనలేడు కదండీ, అది ధర్మం కాదు. కాబట్టి మీరు నిశ్చింతగా తినండి. ముందు పప్పు కలుపుకోండి. ఆ నెయ్యి అలా చుక్కలేంటే లోవలక్ష్మీ, కంట్లో మందు వేసినట్టు? ఆఁ, అలా.

చెప్పండి. ఏంటి, వంటిల్లు రోడ్డుమీదకి కట్టారేంటనా? హమ్మయ్య, అడిగారు. వచ్చిన ప్రతివాడూ అనుకుంటాడు గానీ మర్యాదకి అడగడు. మీరు ఊరంతా తిరిగారు కదా, ఒక్క ఇంటికైనా రోడ్డు వైపు అరుగు కనిపించిందా? కనిపించదు. రోడ్డు వైపు వంటిళ్ళు, నూతులు, స్నానాల గదులు. వెనక్కి వెళ్తే మాత్రం చెక్కడం చెక్కిన స్తంభాలు, నున్నటి అరుగులు. ఎవరికోసం? కాలవలో కొంగల కోసం. మా అరుగు మీద ఇప్పుడు గేదె ఉంటుందండి. రెండు స్తంభాల మధ్య పడుకుని, పంచాయితీ తీర్పు చెప్పబోయే పెద్దమనిషిలాగ నెమరేస్తూ ఉంటుంది. ఊరు ఊరంతా ఇలా తిరగబడిపోవడానికి ఒకే ఒక్క మనిషి కారణం. మా పెద్దమ్మ, మా నాన్న అన్నగారి భార్య, తలుపులమ్మ. తుని వైపు పిల్ల. లోవలో ఉన్న అమ్మవారి పేరు పెట్టారు. ఆ పేరు పెట్టడం వల్లే అయ్యుండాలి, ఆవిడ ఉన్నన్నాళ్ళూ మా తలుపు మూయలేదు. ఇదిగో, మీరు కూర్చున్నది ఆవిడ కట్టించిన వంటింట్లోనే. ఆ గుమ్మం దగ్గర పొయ్యి కూడా ఆవిడదే. గ్యాసు వచ్చినా గారెలు మాత్రం దానిమీదే. గారె వేయించుకోండి. ఒకటేంటండీ, ఒంటిగారె వెయ్యకూడదు మా ఇంట్లో.

అసలు ఈ రోడ్డు సంగతి మీకు తెలుసో లేదో. మీ ఫోను మ్యాపులో చూడండి. నిడదవోలు దగ్గర బయల్దేరుతుంది కదా, కాలవ పక్కనే, నక్కలదిబ్బ దాకా నూలు పట్టినట్టు వస్తుంది. నక్కలదిబ్బ దాటగానే ఎడ్లు బెదిరిన బండిలాగ కాలవని వదిలేసి చేలల్లో పడుతుంది. ఓ వంపు, ఇంకో వంపు, మళ్ళీ ఓ వంపు. మా ఊరి వీపు రుద్దుకుంటూ పోయి సిద్ధాయిపాలెం దగ్గర మళ్ళీ బుద్ధిగా కాలవ పక్కకి చేరి నరసాపురం దారి పడుతుంది. కిందటేడు మా అల్లుడు కారులో వస్తుంటే ఆ ఫోన్లో అమ్మాయి ఎడమకి తిరగండి, కుడికి తిరగండి, ఎడమకి తిరగండి అని చెప్పీ చెప్పీ, మా ఊరి దగ్గర మాట్లాడ్డం మానేసింది. ఆ మూడు వంపులకీ పేర్లున్నాయండి. బస్సు కండక్టర్ని అడగండి. గారెల వంపు, దప్పళం వంపు, దిబ్బరొట్టె వంపు. నవ్వకండి, పొలమారుతుంది. మంచినీళ్ళు తాగండి. ఎక్కువ తాగకండి, కడుపులో చోటు పోతుంది.

రోడ్డు లేని రోజుల్లో మాకు దారంటే కాలవేనండి. నిడదవోలు వెళ్ళాలన్నా పడవే, పెళ్ళివారు రావాలన్నా పడవే. గాలి లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవారు. అందుకే ఇళ్ళన్నీ కాలవ వైపు మొహం పెట్టి ఉండేవి. మా ఇంటి అరుగు దిగితే గట్టు, గట్టు దిగితే రేవు. పడవ రేవుకి వచ్చిందంటే మా పెద్దమ్మ గరిట చేత్తో పట్టుకునే గట్టెక్కేది. దిగినవాడు చుట్టమా, కుండలమ్మేవాడా, పడవ తప్పి దిగినవాడా, అవన్నీ తరవాత. ముందు అన్నం. ఆవిడకి పిల్లల్లేరు. బాధగా చెప్పట్లేదండి, ఆవిడా ఎప్పుడూ బాధగా చెప్పుకోలేదు. ఇంటికి మనిషి రాని రోజు మాత్రం ఒంట్లో బావులేనట్టు ఉండేది. వండిందంతా మూతలు తీసి చూసేది, పెట్టేది, మళ్ళీ తీసి చూసేది. మా పెదనాన్న ఒక్కడే రెండాకుల తిండి తినేవాడు ఆ రోజుల్లో, ఆవిడ మనసు కష్టపెట్టకూడదని. ఆయన మాట్లాడేవాడు కాదండి. దేనికైనా "ఆఁ" అనేవాడు. పెళ్ళిలో పంతులుగారు మంత్రం చెప్పమన్నా "ఆఁ" అన్నాడట.

అలాంటి ఇంటి ముందు పడవలు తగ్గిపోయాయి. నిడదవోలు వైపు లారీలు వచ్చాయి, ధాన్యం లారీలెక్కింది, మనుషులు బస్సులెక్కారు. మా రేవుకి వారానికో పడవ వస్తే గొప్ప, అందులోనూ మనుషులు కాదు, అరటిగెలలు. అరటిగెలకి అన్నం పెట్టలేం కదండీ. పెద్దమ్మ చిక్కిపోయింది. మంచానికి అడ్డంగా ఉండే మనిషి నిలువుగా సరిపోయేంత అయింది. అప్పుడొచ్చింది కబురు, నిడదవోలు నుంచి మా ఊరిమీదుగా రోడ్డు వేస్తున్నారని. కాలవగట్టు మీంచి వేస్తారట, కాదు, వెనక చేలల్లోంచి వేస్తారట అని రెండు మాటలు. గట్టు మీంచి వేస్తే మా అరుగు ముందు నుంచే. బస్సులో ఎంతమంది పడతారని అడిగింది పెద్దమ్మ. పడవలో కంటే ఎక్కువేనన్నారు. ఆ రోజే పెద్ద డేగిశా బయటకి తీసి చింతపండుతో తోమించింది.

పనసపొట్టు కూర వేసుకోండి. ఆవపెట్టింది, మీ హోటలు జన్మకి చెయ్యదు.

సర్వేకి ఓవర్సీరొకాయన వచ్చాడు. భాస్కరంగారని, జంగారెడ్డిగూడెం వైపు మెట్ట మనిషి. సన్నగా, గొడుగు పక్కన నిలబెడితే ఏది గొడుగో తెలిసేది కాదు. పొద్దున్న కాస్త చద్దన్నం, రాత్రి కాస్త మజ్జిగన్నం, అంతే ఆయన తిండి. ఆయన వెంట గొలుసు లాగే మనుషులు, ఎర్రజెండా కట్టిన కర్రలు. నక్కలదిబ్బ నుంచి కొలుచుకుంటూ గట్టు మీద వచ్చి, సరిగ్గా మా అరుగు ముందు ఆగి, పాపం, అనకూడని మాట అన్నాడు. "అమ్మా, కాసిని మంచినీళ్ళు." మెట్టలో మంచినీళ్ళంటే మంచినీళ్ళేనేమో. మా పెద్దమ్మ లెక్కలో మంచినీళ్ళడగడమంటే ఆకలి అని పరువుగా చెప్పడం. ఆయన చెంబు కోసం చెయ్యి చాస్తే ఆ చేతికి ఆకు తగిలింది.

పెద్దమ్మ ఆయన్ని అడగాల్సింది ఒక్క ముక్కండి. "బాబూ, రోడ్డు మా ఇంటి ముందు నుంచే పోనివ్వండి." అంతే. దాన్ని ముందురోజు పెదనాన్నని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒకటికి పదిసార్లు అప్పజెప్పుకుంది. ఆయన ప్రతిసారీ "ఆఁ" అని రోడ్డు ఇచ్చేశాడు. కానీ చెప్పానుగా, విస్తట్లో చెయ్యున్నవాణ్ణి అడక్కూడదు. సరే, చెయ్యి కడుక్కున్నాక అడుగుదామని గుమ్మంలో నిలబడింది. నిలబడితే ఏమైందంటే, ఆకు ఖాళీ అవడం కనిపిస్తుంది. ఖాళీ ఆకు చూస్తే ఆవిడ చెయ్యి ఆవిడ మాట వినదు. ఇంకో గారె. ఆయన తినడం ముగించాలని ఆవిడే ఎదురుచూస్తోంది, ఆవిడే ముగించనివ్వడం లేదు. ఎలాగో ఆయన లేచి చెయ్యి కడుక్కుని స్తంభానికి జారబడ్డాడు. పెద్దమ్మ గొంతు సవరించుకుంది. ఆయన గుర్రుపెట్టాడు. అన్నం తిని పడుకున్నవాణ్ణి లేపకూడదు, అది ఇంకో పద్ధతి. లేచేసరికి పొద్దు వాలింది, దిబ్బరొట్టె, చెరుకు పానకం సిద్ధంగా ఉన్నాయి. మళ్ళీ విస్తట్లో చెయ్యి.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఓవర్సీరుగారు ఒక స్తంభానికి, గొలుసు మనుషులు మిగతా స్తంభాలకి. గొలుసు కూడా అరుగుమీదే చుట్టచుట్టుకు పడుకునేది. జెండా కర్ర రేవులో పాతింది పాతినట్టే ఉంటే చాకళ్ళు దానిమీద పంచెలారేశారు. రోడ్డు మా గుమ్మం ముందు ఆగింది ఆగినట్టే. పైనించి జీపులో పెద్ద ఆఫీసరొచ్చి చూసి, "ఏమయ్యా భాస్కరం, నిన్ను రోడ్డు కొలవమన్నామా, అరుగు కొలవమన్నామా?" అని కేకలేశాడట. పాపం ఈయన లేచి నిలబడదామనుకున్నాడు, ఒంగడం కుదర్లేదు. నిలబడాలంటే ముందు ఒంగాలి కదండీ. అలా కూర్చునే సలాం చేశాడు.

మీరేంటి, అలా వెనక్కి జరుగుతున్నారు? గోడకి ఆనుకోండి, పర్లేదు. గీత ఇంకా ఆరలేదేమో చూసుకోండి, అది బయటిగోడ కదూ, మర్చిపోయాను. లోవలక్ష్మీ, ఇంజినీరుగారికి దప్పళం. మా తోటలో గుమ్మడికాయండి.

ఆఁ, ఎక్కడున్నాం. కేకలేసి వెళ్ళాడా. మర్నాడు భాస్కరంగారు రాలేదు. పెద్దమ్మ అరుగుమీద ఎదురుచూసింది, ఎంతకీ రాడు. మధ్యాహ్నం దొడ్లోకి వెళ్ళి చూస్తే మా గడ్డిమేటు వెనకాల ఒక ఎర్రజెండా వంగి వంగి నడుస్తోంది. ఆయన గట్టు వదిలేసి, మా ఇల్లు తప్పించుకోడానికి, ఊరి వెనకనుంచి చేలల్లో కొలుస్తున్నాడండి. పెద్దమ్మ ఏమనుకుందంటే, పాపం ఎండకి కళ్ళు తిరిగి దారి తప్పాడు అనుకుంది. గారెలు మూటకట్టి పెదనాన్నని తరిమింది. గడ్డిమేటు వెనకాల పెదనాన్న మొహం కనిపించేసరికి ఓవర్సీరు, "ఇటు కాదు, ఇంకా అటు," అని గొలుసుని చేలోకి లాగాడు. అదే గారెల వంపు. ఇంకాస్త అటు వెళ్ళాక దప్పళం కావిడి ఎదురైంది. మళ్ళీ తిప్పాడు. సిద్ధాయిపాలెం పొలిమేరలో, ఇక గండం గడిచిందని చెరుగ్గడ నములుతూ కూర్చుంటే, పెదనాన్న దిబ్బరొట్టె పళ్ళెంతో ఆ చెరుకుతోటలోంచే వచ్చాడు. ఆ వంపులో మీ బస్సులు ఇప్పటికీ రివర్సు చేసుకోవాలి. ఓవర్సీరుగారు పెదనాన్నతో "అయ్యా, ఇంక పెట్టకండి, దణ్ణం పెడతాను," అన్నాడట. పెదనాన్న "ఆఁ" అన్నాడు. ఆయన దాన్ని సరేనని అనుకున్నాడు, పెదనాన్న ఇంకోటి వేశాడు.

అలా రోడ్డు ఊరి వెనక పడిందండి. ముందు ఎర్రకంకర పోశారు, తరవాత తారు. ఊళ్ళో జనం ఊరుకుంటారా? ముందు నుంచి రావలసిన రోడ్డు మా పేడకుప్పల పక్కనుంచి తెచ్చావే తలుపులమ్మా అని ఆడిపోసుకున్నారు. నిజమే మరి. అంతవరకూ దొడ్లలో ఎవరి మానాన వాళ్ళు నూతి దగ్గర నీళ్ళు పోసుకునేవారు. మొదటిరోజు బస్సు వచ్చే వేళకి మా మునసబుగారు ఒంటినిండా సున్నిపిండితో నిలబడి ఉన్నారు. బస్సు నిండా జనం కిటికీల్లోంచి చూస్తున్నారు. దాక్కోడానికి ఏమీ లేక, పెద్దమనిషి కదా, రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టారు. అది ఇంకా పొరపాటైంది. సర్లెండి, అన్నం తినేటప్పుడు ఆ సంగతి ఎందుకు.

పెద్దమ్మకి మాత్రం ఎవరిమీదా కోపం లేదు. ఆవిడ బెంగ వేరు. "ఎందుకు వెళ్ళిపోయాడంటావు? పప్పులో ఉప్పు తగ్గిందేమో. సరిగా పెట్టలేదురా ఆ అబ్బాయికి," అని నాతో అనేది. నాకప్పుడు మీసాలు మొలుస్తున్నాయి. సరిగా పెట్టకపోవడమేంటి పెద్దమ్మా, ఆయన చొక్కా బొత్తాలు మన అరుగుమీదే దొరికాయి అంటే నమ్మేది కాదు. ఇటు చూస్తే అరుగు ముందు కాలవ, పడవ లేదు. అటు చూస్తే పేడకుప్ప వెనకాల రోడ్డు మీద నిండా మనుషులతో బస్సు ఆగకుండా పోతోంది. వాసన మాత్రం వాళ్ళకి, అన్నం మనకి. ఆవిడ ఓ వారం చూసింది. ఓ పొద్దున్న లేచి, "రోడ్డు మనింటికి రాకపోతే మనిల్లే ఇటు తిరుగుతుంది," అంది. పెదనాన్న "ఆఁ" అన్నాడు, అది ఏ "ఆఁ"నో తెలుసుకునేలోపు వడ్రంగి వచ్చి కాలవ వైపు సింహద్వారం పీకి, దొడ్డివైపు వంటింటి గోడకి కన్నం పెట్టాడు. మా సిద్ధాంతిగారు పరుగెత్తుకొచ్చి, గుమ్మంలోనే పొయ్యేంటమ్మా, ఎక్కడైనా ఉందా, వాస్తు ఒప్పుకోదు అన్నారు. పెద్దమ్మ ఆయన్ని కొత్త గుమ్మంలోంచి లోపలికి నడిపించి, పొయ్యి ముందే పీట వేసి, వేడి గారె చేతిలో పెట్టింది. "దూరం ఎంతుందో చూడండి సిద్ధాంతిగారూ, గుమ్మం నుంచి గారెకి." ఆయన గారె నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుని, ఆగ్నేయంలోనే ఉంది, దోషం లేదు అన్నారు. ఇంటినే తిప్పేశాక ఆగ్నేయం ఎటుందో ఆయనకేం తెలుస్తుందండీ.

పెరుగు వేసుకోబోయే ముందు ఇంకాస్త పులుసన్నం తినాలి. అలా చెయ్యి అడ్డం పెట్టకండి, వేలి సందుల్లోంచి వడ్డించడం మా లోవలక్ష్మికి బాగా వచ్చు. పెద్దమ్మ దగ్గరే నేర్చుకుంది.

ఇంటికి కొత్త గుమ్మం వచ్చిన రోజు పెద్దమ్మ వెళ్ళి రోడ్డుకి అడ్డంగా నిలబడింది. డ్రైవరు యెహెజ్కేలు అని, నరసాపురం మనిషి, మీసాలుండేవి, ఎవరికీ లొంగేవాడు కాదు. బ్రేకేసి, తల బయటపెట్టి, "ఎవరెక్కుతారమ్మా?" అన్నాడు. "ఎవరూ ఎక్కరు నాయనా, మీరే దిగండి," అంది.

దిగారండి. ఏం చేస్తారు మరి, వంటిల్లు రోడ్డుమీదే ఉంది, ఉల్లిపాయ పెసరట్టు కాలుతోంది. ముందు డ్రైవరు దిగాడు, అమ్మకి సర్దిచెప్పి వస్తానని. అతను ఎంతకీ రాకపోతే కండక్టరు దిగాడు, డ్రైవర్ని తీసుకొస్తానని. తరవాత జనం వాళ్ళిద్దర్నీ వెతుక్కుంటూ దిగారు. ఆ రోజు నరసాపురంలో ఆ బస్సు పోయిందనే అనుకున్నారు. ఆ తరవాత అదో అలవాటైంది. లేటెందుకవుతోందో చూసి రమ్మని చెకింగు ఇన్‌స్పెక్టర్ని పంపారు. ఆయనా మెట్టలో పుట్టుంటే ఏమయ్యేదో, ఆచంట మనిషి. కూర్చున్నాక ఇంకో రెండు పీటలు వెయ్యమన్నాడు. పెద్దమ్మ మొహం నిండింది, చేతి గాజులు మళ్ళీ బిగిశాయి. ఇది చూసి పక్కింటివాళ్ళు వంటిల్లు రోడ్డుకి తిప్పారు. చూస్తుండగా వరసంతా తిప్పేసింది. తిప్పినవాళ్ళెవరూ తలుపులమ్మ మంచిపని చేసిందని అనలేదు. గాలి ఇటునుంచి బావుంటుందన్నారు.

అసలు మాట ఇప్పుడు చెప్తాను వినండి. చాలా ఏళ్ళకి ఓ రోజు బస్సాగింది, అందరూ దిగారు, ఒకాయన మాత్రం దిగలేదు. సీటు కిందకి ఒంగి చెప్పులు వెతుకుతున్నట్టు నటిస్తున్నాడు, చెప్పులు కాళ్ళకే ఉన్నాయి. పెద్దమ్మ బస్సెక్కి చూసింది. భాస్కరంగారు. జుట్టు తెల్లబడింది, మనిషి మళ్ళీ గొడుగులా అయ్యాడు. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, మీరు కూర్చున్న చోటే కూర్చోబెట్టింది. కానీ ఆకు వెయ్యలేదండి. మా పెద్దమ్మ ఒక మనిషిని కూర్చోబెట్టి ఆకు వెయ్యకపోవడం నేను చూడ్డం అదే మొదలు, అదే ఆఖరు. ఖాళీ చేతులతో ఎదురుగా కూర్చుని అడిగింది. "బాబూ, ఆనాడు మా ఇంట్లో మీకేం తక్కువైంది?"

ఆయన ఆకు ఉండాల్సిన ఖాళీ చోటుకేసి చూశాడు. తరవాత అన్నాడు, "తక్కువైతే బతికిపోదునమ్మా. మొదట అనుకున్న రోడ్డు మీ గుమ్మం ముందు నుంచే. పైవాళ్ళు గట్టు మీంచే వెయ్యమన్నారు. మీరు మంచినీళ్ళిచ్చి పంపేసి ఉంటే ఆ సాయంత్రానికే మీ అరుగు ముందు రోడ్డు గుర్తులు పడిపోయేవి. పోనీ నాకిది కావాలి బాబూ అని ఒక్కమాట అనుంటే, అరుగు మీద పడుకునైనా అటే వేసేవాణ్ణి. ఎందుకమ్మా అడగలేదు?"

పెద్దమ్మ ఆయన మొహంలోకి చూసింది. "మీ చెయ్యి విస్తట్లో ఉంది కదయ్యా," అంది.

ఇంక చూస్కోండి, ఆయన నవ్వాడు, ఆవిడ నవ్వింది, పొయ్యిమీద పులుసు పొంగిపోయింది. బస్సులో వాళ్ళు ఏంటేంటని అడుగుతుంటే యెహెజ్కేలు కళ్ళు తుడుచుకుంటూ హారన్ కొట్టాడు, ఎందుకు కొట్టాడో వాడికే తెలీదు. ఆ తరవాత ఆకు వేసిందనుకోండి. భాస్కరంగారు ఆ రోజు వెళ్ళలేదు.

ఆవిడ పోయిన రోజు ఊళ్ళో ఎవరూ బస్సుకి కబురు పెట్టలేదండి. పెడదామని ఎవరికీ తట్టలేదు. ఎప్పటి వేళకే వచ్చి వంటింటి ముందు ఆగింది. పొయ్యి వెలగలేదు. యెహెజ్కేలు దిగాడు, జనం ఒక్కొక్కరే దిగారు, అలా రోడ్డుమీద నిలబడ్డారు. వాళ్ళలో ఒక ముసలాయన తన మూటలోంచి అటుకులు తీసి మా పెదనాన్న చేతిలో పెట్టి తినమన్నాడు. పెదనాన్న అప్పుడు కూడా "ఆఁ" అన్నాడు.

మజ్జిగ తాగండి. మజ్జిగ తాగితే సర్దుకుంటుంది. ఇదిగో, ఈ పొయ్యి రాయి తీసి ఇంకోచోట పెట్టొచ్చు కదా అంటారు మా వాళ్ళు. పెట్టొచ్చు, రాయే కదా. కానీ గుమ్మానికి గారెకి ఉన్న దూరం మళ్ళీ కుదురుతుందంటారా? నేనేం అడగట్లేదండోయ్. ఊరికే అంటున్నా. మీరలా అనుమానంగా చూడకండి. ఏంటి? మేం కావాలనే ఇంత పెట్టామనా? ఛ ఛ. అయితే ఒక మాట, బాతులపర్రులో పుట్టినవాడికి రోడ్డుని దగ్గరికి పిలవడం చేతకాదు గానీ, దూరంగా పంపడం ఎలాగో మా పెద్దమ్మ బతికుండగానే చూపించింది. ఆవిడకది తెలీకుండా వచ్చిన విద్య, మాకు చూసి వచ్చిన విద్య. లేవకండి, లేవకండి, ఇంకా చక్రపొంగలి ఉంది. లేవలేకపోతున్నారా? అదీ సంగతి. ముందు ఒంగాలి, చెప్పానుగా. చెయ్యివ్వండి. వద్దా? కూర్చునే ఫోన్ చేస్తారా, మీ పైవాళ్ళకా? చెయ్యండి, చెయ్యండి, మేం వినం.

ఏంటీ, ఇటువైపు ఇంక ఒక్కరోజు కూడా సర్వే చెయ్యలేనన్నారా? ఈ గీత తుడిపించేస్తారా? మరి కొత్త రోడ్డు... గట్టు మీంచే ఖాయమా? నక్కలదిబ్బ నుంచి కాలవ పక్కనే తిన్నగా, సిద్ధాయిపాలెం దాకా, మా పాత గుమ్మం ముందు నుంచి?

గట్టు మీంచి.

మా అరుగు ముందు నుంచి బస్సు.

...లోవలక్ష్మీ, ఆ పొంగలి అక్కడ పెట్టేసి ఓసారి వెనక్కి వెళ్ళు. అరుగు మీంచి గేదెని విప్పు.